పాలకు ఫికర్ లేదు

బీదర్ నుంచి పాప వస్తుందని ఖాయమైన నాటి నుంచి నీలమ్మ కాలు ఒకచోట నిలవలేదు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా ఆమె కడుపు పండలేదు. బీదర్‌లో ఆమె పిన్ని కూతురు ఆడపిల్లను కని పురిట్లోనే కన్నుమూసింది. పసిగుడ్డును సాకే దిక్కులేక, మీరే పెంచుకోండని ఆ తండ్రి కబురు పంపాడు. నీలమ్మ భర్త చెన్నబసప్పకు జహీరాబాద్ గంజి బజారులో బెల్లం దుకాణం. అక్కడ పొరుగింటి బాలింత నెల వరకే పాలిస్తానంది. పిల్లకు నెల నిండగానే రైలెక్కి వెళ్ళి తెస్తానన్నాడు.

నీలమ్మ పాత చీరలు పొరలుగా పేర్చి బొంత కుట్టింది. నలిగిన పంచెలు ఉడకబెట్టి, ఎండేసి, మెత్తని గుడ్డలుగా చింపింది. వస కొమ్ము, ఆముదం, సాంబ్రాణి తెచ్చి గూట్లో పెట్టింది. తొట్టెల మాత్రం వడ్లాయనకు చెప్పి కొత్తది చేయించింది.

"అటుక మీద తొట్టెల ఉండంగ కొత్తదెందుకే?" అంది అత్త మహాదేవమ్మ.

"దానికి నల్లులు పట్టినయి అత్తమ్మా."

నల్లులు లేవు. అందులో ఊగినవాళ్ళంతా యారాలు గిరిజమ్మ పిల్లలు. ఆ ఇంటికి పెద్దకోడలు గిరిజమ్మే. ఇద్దరు ఆడపిల్లల తర్వాత మొన్న శివరాత్రి దాటాక మగపిల్లవాడిని కన్నది. ఉగాది రాకముందే పిల్లవాడు జ్వరంతో పోయాడు. అప్పుడు నీలమ్మ కూడా ఏడ్చింది. అది ఉత్త ఏడుపు కాదు. ఆ పసివాడికి ఎన్నోసార్లు నీళ్ళు పోసిన చేతులు ఆమెవి.

బొంత అంచు కుడుతున్న పూట మహాదేవమ్మ పక్కన కూర్చుని, మనసులో బరువు దిగినట్టు ఒక మాట అంది.

"అన్ని కొనుక్కొస్తం గని తల్లిపాలు ఏడికెల్లి తెస్తం అనుకున్న. మన గిరిజకు ఇంక పాలు ఆగలే. ఇగ పాలకు ఫికర్ లేదు."

నీలమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

బిడ్డ పోయినా గిరిజమ్మ తల్లే. బిడ్డను తెచ్చుకున్నా తను తల్లి కాదు. ఆ రోజు నుంచి నీలమ్మకు కళ్ళు మూస్తే ఒకటే కనిపించేది. తను కుట్టిన బొంతలోని పిల్ల గిరిజమ్మ ఒడిలో ఉంది. చిన్న చెయ్యి ఆమె మెడ మీద ఉంది. తను ఎత్తుకుంటే ఏడుస్తోంది, ఆమె వాసన తగలగానే ఊరుకుంటోంది. రానే రాని పిల్ల అప్పుడే తన చేయి జారిపోయినట్టు నీలమ్మ లోలోపల రగిలిపోయింది.

చిరాగ్‌పల్లి నుంచి పాడిమేకను తెప్పించింది. ఉగ్గుగిన్నె చింతపండుతో తళతళ తోమి, నీళ్ళు పోసి, ఒక్కో చుక్క వంచడం నేర్చుకుంది. అయినా బెంగ తీరలేదు. పెరట్లో గిరిజమ్మ పాలతో తడిసిన రవికలు ఆరేస్తుంటే, ఆ తడి వంక చూడకుండా ఉండలేకపోయేది.

మంత్రసాని యాదమ్మ ఒకనాడు గిరిజమ్మను చూసిపోతూ, "గీ పాలు గిట్లనే ఉంటె గడ్డకడ్తయి, జరమొస్తది. మల్లెపూలు కట్టున్రి, ఇంకిపోతయి," అని చెప్పింది. గిరిజమ్మ వినీ విననట్టు ఊరుకుంది. నీలమ్మ విన్నది.

మర్నాడు తెల్లవారగానే మల్లెపూలు దోసిట్లో పట్టుకొచ్చింది.

"అక్కా, జర చేతులెత్తు. నొప్పి తగ్గుతదట."

గిరిజమ్మ ఆమె ముఖంలోకి కాసేపు చూసి చేతులెత్తింది. నీలమ్మ పూలు పరిచి, పాత పంచె ముక్కతో బిగించి కట్టింది. పొద్దునా మాపునా మార్చి కట్టింది. ఇరుగుపొరుగు వాళ్ళు యారాళ్ళంటే ఇట్లుండాలని మెచ్చుకున్నారు.

"పాలు ఇంకిపోతె పిల్లకెట్లనే?" అని మహాదేవమ్మ అడిగింది.

"పిల్ల వచ్చెదాక అక్క నొప్పి పడుకుంట ఉండాల్నా? మేక ఉన్నది కదా అత్తమ్మా."

అంత మంచిగా చెప్పిన మాటకు ముసలామె ఎదురు చెప్పలేకపోయింది. రోజురోజుకీ రవికల మీద పాల తడి తగ్గసాగింది. నీలమ్మకు మనసు కుదుటపడింది. దాని వెంటే, ఇలా కుదుటపడినందుకు సిగ్గూ వేసింది. సిగ్గు ఎక్కువసేపు నిలిచేది కాదు.

పాప మధ్యాహ్నం రైలుకు దిగింది. చెన్నబసప్ప భుజం మీద తువ్వాలు కింద పిడికెడు ప్రాణం. నీలమ్మ దిష్టి తీసి, కొత్త తొట్టెలలో వేయబోయి, వేయలేక గుండెలకు హత్తుకుంది. ఎంత తేలికగా ఉందో అనిపించి భయం వేసింది.

మేకపాలు కాచి, చల్లార్చి, ఉగ్గుగిన్నెతో నోట్లో వంచింది. పిల్ల రెండు గుటకలు మింగి కక్కేసింది. నీళ్ళు కలిపి పట్టింది. మళ్ళీ కక్కింది. పొద్దు వాలేసరికి పిల్ల ఏడుపు సన్నబడి, పిల్లి కూన మూలుగులా మారింది.

"గిరిజా," అని పిలిచింది మహాదేవమ్మ.

లోపలి అర్రలోంచి జవాబొచ్చింది. "ఎండిపోయినయి అత్తమ్మా."

మహాదేవమ్మ నీలమ్మను ఒక్కసారి చూసి తల తిప్పుకుంది. నీలమ్మ పిల్లను ఎత్తుకుని అర్రలోకి వెళ్ళింది.

గిరిజమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. పిల్ల వైపు చూడలేదు.

"నువ్వు పూలెందుకు కట్టినవో నాకు తెల్వదనుకున్నవా?" అంది.

నీలమ్మ పిల్లను ఇంకో భుజానికి మార్చుకుంది. "తెల్సి ఎందుకు కట్టించుకున్నవు?" అని అడిగింది.

"నా కొడుకు కోసం వచ్చిన పాలు. నీ పిల్ల నోట్లెకు పోవుడు నేను చూడలేననుకున్న. నువ్వు గుడ్డలు కుట్టుకుంట, తొట్టెల చేయించుకుంట తిరుగుతుంటె, ఈ పాలే ఇంకిపోతె బాగుండనిపించేది. బిగుతుగ కడితె ఇంక బిగించు అనుకున్న."

పిల్ల మూలిగింది.

"ఒక్కపారి పట్టి చూడక్కా. చీకితె వస్తయేమో."

"వచ్చినంక నన్ను ఇడువకుంటె?"

నీలమ్మ ముందుకు వంగింది. పిల్లను గిరిజమ్మ ఒడిలో పెట్టింది. పెట్టాక కూడా చేతులు వెంటనే తీయలేకపోయింది.

పిల్ల ఆబగా చీకింది. ఏమీ రాక కోపంతో వదిలేసింది. గిరిజమ్మ కళ్ళు మూసుకుని మళ్ళీ పట్టింది. ఇన్నాళ్ళూ ఇంకిపొమ్మని కోరిన నీలమ్మ, మెడలోని లింగాన్ని పిడికిట పట్టుకుని, రెండు చుక్కలు రానీ అని మొక్కింది. అక్కడ నిలబడలేక వంటింట్లోకి వచ్చింది. బాలింతకు పాలు పడాలంటే ఎల్లిగడ్డ కావాలి. వెల్లుల్లి గుత్తి దించి, కూర్చుని ఒలవసాగింది.

లోపల ఏడుపు ఆగింది. తర్వాత గుటక చప్పుడు వినిపించిందో, తనకే అలా అనిపించిందో తెలియలేదు. గిరిజమ్మ చిన్నగా ఏదో అంటోంది. ఏమంటోందో లేచి వెళ్ళి వినాలనిపించింది. నీలమ్మ గోళ్ళు ఎల్లిగడ్డ పొట్టులో గట్టిగా దిగాయి.

మహాదేవమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "గంతగనం ఎల్లిగడ్డ ఎవలికే?"

"నా బిడ్డకు," అంది నీలమ్మ తలెత్తకుండా. కొంచెం ఆగి, "అక్క తింటది," అంది.