ఎర్ర గీతకు ఇవతల

కొమురమ్మ బొటనవేలి గోటితో మిరప తొడిమె తుంచి, తాలుకాయను పక్కకు వేసి, నుదుటి చెమటను మోచేతితో తుడుచుకుంది. మగడు పోయినప్పటి నుంచీ ఈ గోదాములో ఇదే పని. కారం చేతులు కంటికి తగలకూడదు కనుక ఏడుపొచ్చినా మోచేతితోనే తుడుచుకునేది. మజ్జిగతో చేతులు కడుక్కున్నాకే మనుమరాలిని ఎత్తుకునేది.

గంట మోగింది. ఆడవాళ్లంతా ఆమె వైపే చూశారు.

గోడవార పేర్చిన మేలురకం బస్తాల దగ్గరికి ఎవరూ పోకూడదని నేల మీద సున్నంతో గీత కొట్టారు. కొత్తగా పెట్టిన కెమెరా చూపే కంప్యూటరు తెరలో దాని మీదే తిన్నగా ఎర్ర గీత గీశారు. అది దాటితే గంట. నాలుగు రోజులుగా అది కొమురమ్మ కూర్చున్న మూలకే మోగుతోంది.

"ఏందవ్వా, దాటకుండనే మోగుతదా?" అన్నాడు గుమాస్తా రాంచందర్.

"నా చెంగు సుత దాటలె నాయినా."

అతను అందరి ముందూ కుచ్చిళ్లు దులపమన్నాడు. ఒక్క కాయా రాలలేదు.

"మా అవ్వ మీద కెమెరకు మనసైనట్టుంది," అని నవ్విన పక్క కూలి ఉమారాణి కూడా తన కుప్పను కొంచెం అవతలికి జరుపుకుంది. అది కొమురమ్మ చూసింది. ముసలివాళ్లను వెళ్లగొట్టడానికే ఈ ఎత్తు అనుకుంది.

జనగామ నుంచి కెమెరాలు బాగుచేసే శ్రీపాల్ వచ్చాడు. నలుపు తెలుపు గళ్ల అట్ట తీసి, "జర గిది పట్టుకోని నిలవడవ్వా," అన్నాడు.

"దొంగలకు గిట్లనే పలక పట్టిచ్చి ఫొటో తీస్తరు. నాకెరుక లేదా?"

"దొంగ నువ్వు కాదవ్వా, గా కెమెర అద్దం. సక్కటి గీతను అంచుకాడ విల్లు లెక్క వంచుతాంది. గీ గళ్లు సక్కగుంటయి కద, గివి చూపిస్తె ఎంత వంచుతాందో దొరుకుతది."

అందరూ కలిసి అల్లిన మాటగానే తోచిందామెకు. అట్టను గోడకు ఆనించింది. మిగతావాళ్లు అన్నాలకని చేతులు కడుక్కోను లేచినప్పుడు గేటు దాటింది.

ఆ అట్టను ఉమారాణి పట్టుకుంది. అటు వంచమంటే వంచింది, ఎత్తమంటే ఎత్తింది. కాసేపటికి తెరలో సున్నపు గీత సాపుగా వచ్చింది. ఇన్నాళ్లూ అది అంచులో వంగి, ఎర్ర గీతకు అవతల పడిందని, కొమురమ్మ కూర్చోవలసిన చోటనే కూర్చుందని శ్రీపాల్ చూపించాడు.

రాంచందర్ గొంతు సవరించుకుని, "అవ్వను పిలువుండ్రి," అన్నాడు.

ఘనపూర్‌లో బిడ్డ దగ్గరికని బస్సెక్కిందని, ఇక ఈ పనికి రానని చెప్పిందని ఎవరో అన్నారు.

తెరలో ఆ మూల తిన్నగా కనిపిస్తోంది. ఎర్ర గీతకు ఇవతల, గోనెపట్టా మీద, మూత తీయని సద్దిగిన్నె.