రబర్బ్ మడి కింది రాళ్ళు

స్కాట్లండులోని మా బేర్స్‌డెన్‌లో పాత రోమన్ స్నానశాల పక్కనున్న సిపాయిల మరుగుదొడ్డి అపురూపం. బోర్డు పెట్టి కాపాడుతున్నారు. దాన్ని చూపించడానికి బడిపిల్లల్ని బస్సుల్లో తీసుకొస్తారు. అదే మా ఇంట్లో కింద ఒక్క మరుగుదొడ్డి కట్టుకుందామంటే మాత్రం దిక్కులేదు.

సరదాకి కాదు. మా అమ్మాయి మోర్వెన్ సైకిలు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. మెట్లెక్కకూడదు. కింద మరుగుదొడ్డి ఉంటేనే శుక్రవారం ఇంటికి పంపుతామనీ, లేకపోతే ముసలివాళ్ళ ఆశ్రమంలో మంచం చూస్తామనీ ఆసుపత్రివాళ్ళు చెప్పారు. పందొమ్మిదేళ్ళ పిల్ల. అక్కడ దిగులుతో తిండి మానేస్తుంది, తిండి మానేస్తే ఎముక అతకదు, ఎముక అతక్కపోతే... ఇక్కడికొచ్చేసరికి మా ఆయన రానల్డ్ లేచి బయటికెళ్ళిపోతాడు.

పెరట్లో మురుగు గొట్టానికి కాలువ తవ్వాలి. మా వీధిలో పార దిగాలంటే పురావస్తువాళ్ళ మనిషి ఒడ్డున నిలబడాలి. ఎప్పుడో పందొమ్మిది వందల ఏళ్ళ కిందట ఎవరో చక్రవర్తి పంపిన సిపాయిలు ఇక్కడ గోడా కోటా కట్టి, పట్టుమని పాతికేళ్ళు కూడా ఉండకుండా వెళ్ళిపోయారు. ఆ పోయేవాళ్ళు రాళ్ళు కూడా పట్టుకుపోతే బాగుండేది.

పుల్లటి కాడల కోసం పెంచే రబర్బ్ మొక్కల మడి దగ్గర తవ్వారో లేదో చెక్కిన రాళ్ళ వరుస బయటపడింది. పురావస్తు అమ్మాయి ఫెనెల్లా చెయ్యెత్తింది. పని ఆగిపోయింది.

"రోమన్ రాళ్ళేనండీ. ఉలి గాట్లు చూడండి. ఈ వరుస ఎటు పోతుందో తేలాలి."

"నా వంటింటి కిందికి పోతే?"

ఆ అమ్మాయి టేపు తీసి వంటింటి గోడవైపు కొలవడం మొదలుపెట్టింది. నా పొయ్యి చుట్టూ కంచె, పక్కన బోర్డు, బస్సు దిగుతున్న పిల్లలు నా కళ్ళముందు కదిలారు.

వంటింటి గుమ్మంలో మా అత్తగారు నెట్టా నిలబడి ఉంది. ఈ ఊరి చరిత్ర సంఘం పెట్టింది మా మామగారు ఆర్చీయే. రాయి కదిపితే చరిత్ర చచ్చినట్టేనని బతికినన్నాళ్ళూ ఊరందరికీ చెప్పాడు. పోయాక స్నానశాల దారిలో బెంచీ మీద ఆయన పేరు చెక్కించారు. ఆవిడ ఆ రాళ్ళకేసి చూసింది, నాకేసి చూసింది.

"ఫెనెల్లా తల్లీ, అది ఎటూ పోదు. రబర్బ్ ఎంతవరకుందో అంతవరకే."

"మీకెలా తెలుసండీ?"

"ఒంటి చక్రం బండి నేనే పట్టాను కనక. ఇళ్ళు కట్టడానికి తవ్వుతుంటే స్నానశాల బయటపడింది చూడు, అప్పుడు మట్టిగుట్టలో పడున్నాయి. ఎలాగూ లారీలో పోయేవేగా అని మా ఆర్చీ మడి గట్టుకి తెచ్చుకున్నాడు. సంఘం పెట్టింది ఆ తర్వాతే."

రానల్డ్ మొహం ఎర్రబడింది. "అమ్మా, నాన్న బెంచీ..."

"ఆ బెంచీ మీద నీ కూతురు కూర్చోవాలన్నా ముందు ఇంటికి రావాలిగా నాయనా."

"మాట చాలదండీ, ఆధారం ఉండాలి," అంది ఫెనెల్లా నెమ్మదిగా.

"మూలరాయి కదలకుండా కింద ఏదో దోపాడు. ఎత్తి చూడు."

ఫెనెల్లా కొలతలూ ఫోటోలూ తీసుకుని రాయి ఎత్తింది. కింద పగిలిన నారింజ జామ్ సీసా. ప్లాస్టిక్ మూత ఇంకా ఎర్రగానే ఉంది.

"రోమన్లు జామ్ తినలేదని రాసుకో తల్లీ," అంది అత్తగారు. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

రాళ్ళు మ్యూజియానికి పోయాయి. కాలువ పని నడిచింది. సంఘంవాళ్ళు బెంచీ మీద మామగారి పేరు ఉంచాలా తీసేయాలా అని ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

శుక్రవారం మోర్వెన్ చంకకర్రల మీద వచ్చి, నేరుగా కొత్త మరుగుదొడ్డిలోకి వెళ్ళి గడి పెట్టుకుంది. లోపల నేల నున్నగా ఉంది. కర్ర జారితే?

"అమ్మా, తలుపు దగ్గరే ఉన్నావా?"

"లేదే."

"తలుపు కింద నీ చెప్పులు కనిపిస్తున్నాయి."

ఆ రోమన్ మరుగుదొడ్డిలో సిపాయిలంతా మధ్యలో అడ్డు లేకుండా ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చునేవాళ్ళట. వాళ్ళ అమ్మలకి మూసిన తలుపు బయట నిలబడే ఈ బాధ ఉండి ఉండదు.