కాటుకత్త వేలు

నాటక కంపెనీలో ఆమెను అందరూ కాటుకత్త అనే పిలుస్తారు. అసలు పేరు మేనేజరుకు కూడా గుర్తులేదు. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, పట్టిన మసిని గీకి, చుక్క నెయ్యితో నూరి తనే కాటుక చేస్తుంది. చూపుడువేలి కొనతో, ఊపిరి బిగబట్టి, ఒక్క గీతలో కన్ను తీరుస్తుంది. రెండో గీత గీస్తే అది కాటుక కాదు, మసిపూత అని ఆవిడ పట్టు.

ఇప్పుడా వేలే వణకడం మొదలుపెట్టింది. మొన్న రాజు వేషగాడి కంటికి పెట్టబోయి ముక్కుకు పూసింది. "రాజా, మీసం మరీ అంత పైకెక్కిందేం?" అని అందరూ నవ్వారు. మేనేజరు నవ్వలేదు. ఈసారి దగ్గరుండి చూస్తానన్నాడు. కుదరకపోతే రేపట్నుంచి కాటుక పెన్సిలు పట్టే అమ్మాయి వస్తుంది. కాటుకత్తకు వేరే పని రాక కాదు, అక్కర్లేదు.

ఈరోజు కుర్చీలో కూర్చున్నది ఆమె కోడలే, కంపెనీలో కథానాయిక. ఇంట్లో ఆ ఇద్దరూ ఉప్పూ నిప్పూ. ఈమధ్య కోడలు పెన్సిలొకటి కొనుక్కొచ్చినప్పటి నుంచి మరీ ఎడమొహం పెడమొహం.

"ఇప్పుడంతా కాజల్ అంటున్నారు అత్తయ్యా."

"పేరు మారిస్తే నలుపు తెల్లబడుతుందా?"



మేనేజరు తలుపు దగ్గర నిలబడ్డాడు. కాటుకత్త వేలు కంటిదాకా వెళ్ళి వణికింది.  

"మోచెయ్యి నా భుజం మీద ఆనించండి" అని గొణిగింది కోడలు. అత్త మణికట్టును కింద నుంచి గట్టిగా పట్టుకుంది. "వేలు కదపకండి. నేను చూసుకుంటాను."

వేలు నిలిచింది. కోడలే ముఖాన్ని మెల్లగా పక్కకు జరిపింది. ఒక్కటే గీత. రెండో కన్నూ అలాగే. మేనేజరుకు అత్త వీపు తప్ప ఏమీ కనబడలేదు. కోడలు తిరిగి కళ్ళు చూపించాక, "బాగుంది. ఆ అమ్మాయిని రావద్దంటాలే" అని వెళ్ళిపోయాడు.

"ఎక్కడ నేర్చావే ఇది?"

"మీ వేలు వణకడం చూశాకే పెన్సిలు కొన్నాను. బీరువా తలుపు సందులో దాన్ని బిగించి, ముఖం జరుపుతూ. కన్ను పోలేదు, మీ పుణ్యం. రేపు రాజుక్కూడా నేర్పుతాను."

కాటుకత్తకు కళ్ళు నిండాయి. తుడుచుకోబోయింది.

"ఆ చేత్తో కాదు!" అంటూ కోడలు చెయ్యి పట్టుకుంది. "అసలు ఏడవకండి అత్తయ్యా. మీరేడిస్తే నాకూ ఏడుపొస్తుంది. మళ్ళీ మొదట్నుంచీ పెట్టుకోవాలి, ఇద్దరం."