ఇసుక పులుపు చెప్పే మీటరు

నేను ఒక పీహెచ్ మీటర్ని. ఇసుకలో యాసిడ్ ఎంతుందో అంకె వేసి చెప్పడం నా పని. విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఫౌండ్రీ వాళ్లు నన్ను కొనుక్కున్నారు. అక్కడ ఇసుకలో జిగురూ, అది గట్టిపడటానికి యాసిడూ కలిపి అచ్చులు కట్టి, వాటిలో కరిగిన ఇనుము పోస్తారు. వాడిన ఇసుకనే మళ్లీ వాడతారు కనక పాత యాసిడ్ పేరుకుపోతుంది. అది ఎక్కువైతే అచ్చు కట్టేలోపే ఇసుక బిగుసుకుని, తర్వాత పొడిపొడిగా రాలిపోతుంది.

ల్యాబు చూసే హైమావతి నన్ను పసిబిడ్డలా చూసుకునేది. అయినా నేను అంకె చూపించగానే అచ్చుల మేస్త్రీ నాగూర్ మీరాని కేకేసేది. "బాబాయ్, ఒకసారి చెయ్యి పెట్టి చూడు." ఆయన గుప్పెడు ఇసుక పిసికి, "నీ మిషను చెప్పింది నిజమేనమ్మా" అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. కాలిన మచ్చలతో, విరిగిన గోళ్లతో ఉన్న ఆ చెయ్యా నా మాటకి ముద్ర వేసేది?

చెల్లెలి పెళ్లికని హైమావతి వారం సెలవు పెట్టింది. నా గాజు మొనకి తడి మూత పెట్టడం మర్చిపోయింది. ఎండిపోయాను. తిరిగొచ్చిన రోజు తొందరలో, నేను సరిగ్గా ఉన్నానో లేదో చూడకుండానే ఇసుక కలిపిన నీళ్లలో ముంచింది. ఏడు అన్నాను. ఏడంటే పులుపు లేదని.

"అమ్మాయ్, చేతిలో ఉండగానే గడ్డకడుతోంది. కొత్త ఇసుక కలపాలి" అన్నాడు మీరా.

"మీటరు బాగానే ఉందంటోంది బాబాయ్."

ఆ మాటకి పొంగిపోయాను. మొదటిసారి ఆయన్ని కాదని నన్ను నమ్మింది!

అచ్చు లోపల్లోపలే రాలింది. ఏదో ఊరి మంచినీళ్ల పంపుకి పోసిన బాడీ నిండా తొర్రలు. యజమాని మీరా మీద మండిపడ్డాడు. "మిషను అబద్ధమాడుతుందా? నీకే చెయ్యి పట్టు తప్పింది. రేపట్నుంచి రావద్దు."

ముప్పయ్యొక్క ఏళ్లు అక్కడే చేసిన మనిషి, చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. దాచడమెందుకు, నేను సంతోషించాను.

హైమావతికి మాత్రం మింగుడుపడలేదు. నన్ను నిమ్మరసంలో ముంచింది. ఏడు. సబ్బునీళ్లలో ముంచింది. ఏడు. నన్ను పట్టుకుని తిన్నగా యజమాని గదిలోకి నడిచింది.

"తప్పు నాదీ, దీనిదీ సార్. బాబాయిది కాదు. ఆయన రాకపోతే రేపట్నుంచి నేనూ రాను."

యజమాని ఒప్పుకోగానే తనే వెళ్లి ఆయన్ని పిలుచుకొచ్చింది. నన్ను అలమారా మీదికి ఎక్కించారు.

మొన్న కొత్త మీటరొచ్చింది. నిగనిగలాడుతూ, నన్ను చూడనైనా చూడలేదు. హైమావతి దాన్ని ఇసుక నీళ్లలో ముంచి, అంకె రాసుకుని, గుమ్మంలోకెళ్లి పిలిచింది: "బాబాయ్!"

మీరా అడుగుల చప్పుడికి దాని తెర మీద అంకె వణికింది. ఒళ్లు మండితే వచ్చే ఆ వణుకు నాకు బాగా తెలుసు.