ఏడో పేజీ

"మీ ట్రిప్పుకి గైడ్‌ని వేసేశామండీ. వెనకాల మోటారు బోటు కూడా వస్తుంది. ఇంక మీకు ఏ ఇబ్బందీ ఉండదు" అంది ఫోన్లో ఆ అమ్మాయి, శుభవార్త చెబుతున్నంత తీయగా.

నేను గైడ్‌ని అడగలేదు. మోటారు బోటూ అడగలేదు. నది అనుమతుల ఆఫీసుకి ఆరు నెలల క్రితం పెట్టుకున్న దరఖాస్తులో "గైడ్ లేకుండా, సొంతంగా" అన్న గడిలో టిక్కు పెట్టింది నేనే. అది ఎవరికీ కనపడదేమోనని దాని చుట్టూ సున్నా చుట్టింది కూడా నేనే.

"ఎవరు అడిగారు?" అన్నాను.

"నిన్న మీ ఇంటి నుంచే ఫోన్ వచ్చిందండీ. మీవారు చేశారు. ఇద్దరూ ఆడవాళ్ళు, ఒకరికి మోకాలి నొప్పి, ఒంటరిగా ఎలా పంపడం అన్నారు. పాపం చాలా కంగారు పడ్డారు."

ఇద్దరు మనుషులు కలిసి వెళ్తుంటే ఒంటరి ఎలా అవుతారో నాకు అర్థం కాలేదు. మిగతాదంతా బాగా అర్థమైంది. అరికాలి మంట నెత్తికెక్కింది.

నేను బస్సు డిపోలో టైమ్‌టేబుళ్ళు వేస్తాను. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఊళ్ళో నూట నలభై బస్సులు పొద్దున్నే ఏ నిమిషానికి కదలాలో, ఏ డ్రైవరు ఎక్కడ దిగి టీ తాగాలో, ఒక బండి మొరాయిస్తే దాని బదులు ఏ బండి వెళ్ళాలో నేను రాసిస్తేనే జరుగుతుంది. అలాంటిదాన్ని నాలుగు రోజుల నది ప్రయాణానికి ప్లాన్ వేసుకోలేనా?

నాతో వచ్చేది మా వదిన, అంటే మా ఆయన అక్క. ముప్పయ్యేళ్ళు ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పి రిటైరయింది. పాడిల్ బోర్డు నాకు నేర్పింది ఆవిడే. పొడవాటి పలక మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ పోవడం చూడ్డానికి తేలిక. రెండేళ్ళు ప్రతి ఆదివారం ఊరి బయట రిజర్వాయరులో నేను పడడం, ఆవిడ లేపడం. వచ్చే నెల పదిహేనున ఆవిడకి మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చోవడం అనే మాటే మర్చిపొమ్మన్నాడు డాక్టరు. ఎదురుగాలి కొట్టినప్పుడు బోర్డు మీద మోకాళ్ళ మీద కూర్చోకపోతే కుదరదు. కాబట్టి వెళ్తే ఈ నెలలోనే వెళ్ళాలి, లేకపోతే ఇంక లేదు.

మేం ఎంచుకున్నది ఎడారి మధ్య లోయ. రెండు పక్కలా ఎర్రటి రాతిగోడలు, మధ్యలో యాభై కిలోమీటర్ల నిదానమైన నది. ఫోను పలకదు, రోడ్డు లేదు, ఒకసారి నీళ్ళలోకి దిగితే చివర ఉన్న రేవులోనే పైకి రావాలి. గైడ్ లేకుండా రోజుకి ఒక్క జట్టునే వదులుతారు. ఆ ఒక్క జట్టూ మేమే కావడానికి ఆరు నెలలు పట్టింది.

ప్లాన్ ఎనిమిది పేజీలు. పొద్దున్న అయిదింటికే బయల్దేరాలి, ఎందుకంటే పదకొండు దాటితే లోయలో గాలి ఎదురు తిరుగుతుంది. బురద నీళ్ళు బకెట్లో పట్టి పటిక తిప్పి తేరనివ్వాలి. మా నెత్తిన ఎండ కాస్తున్నా సరే, దూరంగా కొండల మీద మబ్బు కనపడితే పక్క వాగులు కలిసే చోట గుడారం వేయకూడదు. మా కడుపులోంచి వచ్చింది ఇసకలో పూడ్చకుండా మూత బిగించిన డబ్బాలో వెనక్కి తెచ్చుకోవాలి. ఇవన్నీ రాసి, మూడు నెలల క్రితం అయస్కాంతంతో ఫ్రిజ్‌కి తగిలించాను. మా ఆయన చదివింది ఆ డబ్బా ముక్క ఒక్కటే. ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పి పడీపడీ నవ్వాడు. కళ్ళద్దాల దుకాణం ఆయనది. ఊరందరి చేతా చిన్న అక్షరాలు చదివించే మనిషి.

మధ్యాహ్నం సెలవు పెట్టి అనుమతుల ఆఫీసుకి వెళ్ళాను. ఫోన్లో మాట్లాడిన అమ్మాయే అద్దం వెనక కూర్చుని ఉంది. అనుమతి కాగితం ఆమె ముందు పెట్టాను.

"ఇందులో జట్టు నాయకులు ఎవరమ్మా?"

"మీరేనండీ."

"వెనక్కి తిప్పి పదకొండో నిబంధన చదవండి. పైకి చదవండి."

ఆమె చదివింది. జట్టులో గానీ ప్రయాణ పద్ధతిలో గానీ ఏ మార్పయినా నాయకుడి సంతకం ఉంటేనే చెల్లుతుంది.

"నా సంతకం చూపించండి."

"అంటే... భర్తగారే కదా అని..."

"రేపు నేను మీ ఆఫీసుకి ఫోన్ చేసి, మీ పై అధికారి ఉద్యోగం మానేస్తున్నారు, నేను ఆయన భార్యని అని చెప్తే ఆయన కుర్చీ తీసేస్తారా?"

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. గైడ్ లేకుండా వెళ్ళే మా వంతుని వెనక వరసలో ఉన్న జట్టుకి ఇస్తూ ఉత్తరం కూడా తయారైపోయిందట, సాయంత్రం పంపాలట. ఆమె ఆ ఉత్తరం తీసి చింపింది. పాత అనుమతి మీద మళ్ళీ ముద్ర వేసి ఇస్తూ మెల్లిగా అడిగింది.

"నిజంగా ఇద్దరే వెళ్తున్నారా? భయం లేదా అండీ?"

"ఎందుకు లేదూ? ఉండబట్టే ఎనిమిది పేజీలు రాసుకున్నాను" అన్నాను.

ఇంటికొచ్చేసరికి వదిన ముందు గదిలో స్టూలు మీద కాలు చాపుకుని, బోర్డుని కాలికి కట్టుకునే తాళ్ళు ఒక్కొక్కటే లాగి చూస్తోంది. నేను చెప్పింది విన్నాక తాడు ఇంకాస్త గట్టిగా లాగింది. కాసేపటికి మా ఆయన దుకాణం కట్టేసి వచ్చాడు. నా మొహం చూడగానే ఆయనకి విషయం తెలిసిపోయింది.

"మీ మంచికే చేశాను" అన్నాడు చెప్పులు విడవకుండానే.

"నా మంచి గురించి నన్నొక్క మాట అడగాలనిపించలేదా?"

"అడిగితే వద్దంటావు."

"అంటానని తెలిసే చేశారన్నమాట!"

వదిన తాడు కింద పెట్టింది. "ఒరేయ్, నీకు ఈత నేర్పింది ఎవర్రా?"

"నువ్వేలే అక్కా. ఇప్పుడదంతా ఎందుకు?"

"మరి నాకు కాపలాగా ఇంకెవడో ముక్కూమొహం తెలియనివాణ్ణి పెడతావా? అదీ నా వెనకాల?"

అప్పుడు ఆయన గొంతు పెంచాడు. "మీరిద్దరూ బాగానే వెళ్తారు! రావలసిన టైముకి రాకపోతే నేనేం చెయ్యాలి? ఎవరికి చెప్పాలి? ఎక్కడని వెతకాలి? ఇంట్లో కూర్చునేవాడి సంగతి ఎవరైనా ఆలోచించారా?"

నేను వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ మీది కాగితాలు తీశాను. ఆరో పేజీ తర్వాత ఎనిమిదో పేజీ ఉంది.

"ఏడో పేజీ ఏది?"

ఆయన నా వైపు చూడలేదు. వాషింగ్ మెషీన్ వైపు చూశాడు. "అది... ఒకటే ఊగుతోందని, మొన్నామధ్య కాలి కింద..."

వదిన, నేనూ కలిసి మెషీన్‌ని పక్కకి వంచాం. ఎనిమిది మడతలు పెట్టిన కాగితం, అంచులు చెమ్మకి ఉబ్బిపోయి ఉంది. విప్పి ఆయన చేతికిచ్చాను.

"చదవండి."

"ఇంట్లో ఉండే మనిషి చేయవలసినవి" అని మొదలుపెట్టాడు ఆయన. పైన తన పేరు మీద వేలు పెట్టి చూసుకున్నాడు. "నాలుగో రోజు సాయంత్రం అయిదు గంటలు: రేవు నుంచి మా ఫోను రావాలి. రాకపోతే ఎదురుగాలి ఉందనుకోవాలి. అయిదు నుంచి ఏడు: ఏమీ చేయవద్దు. ఎవరికీ ఫోన్ చేయవద్దు, కారు తీయవద్దు. ఏడు గంటలు: కింది నంబరుకి ఫోన్ చేయాలి. చెప్పవలసినవి: నారింజ రంగు బోర్డు ఒకటి, నీలం బోర్డు ఒకటి. ఇద్దరు ఆడవాళ్ళు, వయసు అరవై ఒకటి, యాభై. పెద్దావిడ ఎడమ మోకాలికి పట్టీ. రెండో ఆవిడ కుడి మోచేతి మీద..."

కుడి మోచేతి మీద కాలిన మచ్చ అని ఉంది అక్కడ. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పేజీ కింద చూశాడు. "చదివాను" అని, పక్కన సంతకానికి ఖాళీ ఉంది. డిపోలో ప్రతి డ్రైవరూ తన కాగితం కింద సంతకం పెట్టాకే బండి తీస్తాడు. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.

నేను కాగితం వెనక్కి లాక్కున్నాను. పైన ఆయన పేరు కొట్టేసి మా డిపో కంట్రోలరు గారి పేరు రాశాను.

"అదేంటి? అది నా పేజీ" అన్నాడు.

"మూడు నెలలు మీదే. ఆలస్యంగా వచ్చిన బస్సుని జనం తిట్టుకుంటూ అయినా ఎక్కుతారు. టైముకి ముందే వెళ్ళిపోయిన బస్సుని ఎవరెక్కుతారు చెప్పండి? డిపోలో ఆలస్యానికి సంజాయిషీ అడుగుతాం. ముందు వెళ్ళినవాణ్ణి బండి దింపేస్తాం. మీరు మేం నీళ్ళలో కాలు పెట్టకముందే ఫోన్ చేసిన మనిషి. అయిదు నుంచి ఏడు దాకా ఊరికే కూర్చోవడం మీ వల్ల కాదు."

ఆయన అక్క వైపు చూశాడు. వదిన తాడు చుట్టుకోవడంలో మునిగిపోయింది. నాకు జాలి వేసింది. కోపం మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు. నా జీవితంలో ఎంతోమంది నా మంచి కోరి నన్నడక్కుండా చేసిన పనులన్నీ ఆ కాగితం మడతల్లో ఉన్నట్టు అనిపించింది.

"మరి మీరు వచ్చారో లేదో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

"ఏడుంపావుకి కంట్రోలరు గారికి ఫోన్ చేసి అడగండి. అంతకుముందు చేస్తే ఆయన తీయరు. నేను చెప్పే ఉంచుతాను."

ఆయన కాగితం కోసం వెతుక్కున్నాడు. ఏదీ దొరక్క దుకాణం చీటీల పుస్తకం తీసి వెనక్కి తిప్పాడు.

"ఏడుంపావా, ఏడున్నరా?"

"ఏడుంపావు."

ఆయన రాసుకున్నాడు.