మొదటి పది కామెంట్లు

పాత గూఢచారి సీరియల్‌ని ఛానల్ వాళ్ళు మళ్ళీ తీస్తున్నారు. అప్పటి హీరో ఆరడుగుల అందగాడు. ఇప్పుడా వేషం బాబాయికి వచ్చింది. ముప్పై ఏళ్ళుగా వాచ్‌మన్‌గా, శవంగా, సభలో మూడో వరసలో కూర్చునేవాడిగా నటించిన బట్టతల బాబాయికి! గుంపులో కలిసిపోయేవాడే అసలు గూఢచారి అని దర్శకుడు పట్టుబట్టాడట. ఆ రోజు నుంచి బాబాయి ఇంట్లో కూడా చప్పుడు కాకుండా నడుస్తున్నాడు. "వెనకాలే వచ్చి నిలబడితే నా గుండె ఆగేలా ఉంది" అని పిన్ని ఒకటే గోల.

ఇంట్లో మొదటి డిగ్రీ, వాళ్ళ దగ్గరే పెరిగిన బాబాయి అన్నకూతురిది. ఆ ఛానల్లోనే చేరి నెల కాలేదు. కొత్త నటుడి ఫొటో కింద జనం రాసే కామెంట్లు చూసి, పచ్చి బూతులు తీసేయడం ఆమె పని. బూతు లేని వెటకారాన్ని ముట్టుకోకూడదు.

"గోడ దూకమంటే నిచ్చెన అడిగేలా ఉన్నాడు."

"గూఢచారా? గ్యాస్ బండ మార్చడానికి వచ్చాడనుకున్నా!"

ఆమెకి కడుపు మండిపోయింది. 'పాత ప్రేక్షకురాలు' అని పేరు పెట్టుకుని, మూడు రోజుల పాటు ఒక్కో వెటకారం కిందా ఓపిగ్గా జవాబు రాసింది. మెచ్చుకున్న వందల మందికి మాత్రం ఏమీ రాయలేదు. వాళ్ళతో పేచీ ఏముంది?

నాలుగో రోజు సెక్షన్ హెడ్ పిలిచాడు.

"మొదటి పది కామెంట్లు ప్రింటు తీసి పైవాళ్ళకి పంపానమ్మా. పదికి పదీ వెటకారమే. ఆయన్ని తీసేశారు."

"మెచ్చుకున్నవాళ్ళే ఎక్కువ కదండీ!"

"ఉంటే ఏం లాభం? అవి అడుగున పడ్డాయి. జవాబులు పడిన కామెంటు పైకి లేస్తుంది. ఎవరో పనిలేని మహాతల్లి కూర్చుని ప్రతిదానికీ జవాబిచ్చింది."

"అది నేనేనండీ. ఆయన మా బాబాయి."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఈ ముక్క ముందు చెప్పాల్సింది. ఆ వేషానికి వేరే అబ్బాయి సంతకం కూడా పెట్టేశాడు. వెళ్ళు, పని చూసుకో."

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి బాబాయికి ఫోను వచ్చేసింది. అద్దం ముందు నిలబడి, వేషం కోసం కుట్టించుకున్న కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. పిన్ని వంటింట్లోంచి బయటికి రాలేదు.

"పోనీలే తల్లీ, శవాల వేషాలు ఎక్కడికీ పోవు" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "ఒకావిడ మాత్రం నాకోసం ఎంత పోట్లాడిందో! మూడు రోజులూ ఆవిడ జవాబులే చదువుకున్నా. ఆవిడెవరో మీ ఆఫీసులో కనుక్కుంటావా? ఒక్కసారి చూడాలి."

ఆమె చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది.

"కనుక్కుంటాను బాబాయ్" అంది.