కరువిల్లు

మండలాఫీసులో వానలెక్కలు రాసే ఆసియాకు, కూతురు ఇఫ్రాతో గడిపే తీరిక దొరకడం లేదని ఒకటే దిగులు. చివరికి ఆఫీసులోని వానకొలత డబ్బా తెచ్చి ఇంటి గుమ్మానికి కట్టింది. కూతురికి దక్కిన అమ్మ ఎంతో ఆ డబ్బా మిల్లీమీటర్లలో చూపించింది. వారమంతా కలిపి మూడు. మే నెలలో కరువుకు పేరుపడ్డ మడకశిరకే ఇంతకంటే ఎక్కువ వాన పడుతుంది. తన ఇంటిని కరువిల్లుగా ప్రకటించమని సిగ్గుపడుతూ తానే అర్జీ పెట్టుకుంది.

తహసీల్దారు జీపులో తనిఖీకి వచ్చి, ఉగ్గాని తింటున్న ఇఫ్రాను అడిగాడు. "ఏం పాపా, మీ ఇంట్లో కరువుండాదా?"

"ఉండాది సార్. మా అమ్మకు నిద్ర కరువు."

ఆదివారాలు పొద్దెక్కేదాకా ఆసియాను ఎవరూ లేపరాదని ఆయన అక్కడికక్కడే ఉత్తర్వు రాశాడు. పోతూపోతూ డబ్బా ఊడబీకి చంకలో పెట్టుకుని అన్నాడు.

"ఇది వానను కొలిచేదమ్మా, అమ్మను కాదు."